పనిచోట మనస్తత్వశాస్త్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే, జవాబు చెప్పడానికి నాకు కనీసం పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని, కంపెనీల్లో మాట్లాడటానికి వెళ్లినప్పుడు పేరు రాయకుండా చీటీల మీద పంపేవి మరికొన్ని. రెండూ కలిపి ఇక్కడ పెట్టాను. చీటీల మీద వచ్చినవే సూటిగా ఉంటాయి.

సైకాలజిస్ట్ అంటే కౌన్సెలింగ్ చేసేవాళ్లే కదా?

కౌన్సెలింగ్ చేసేవాళ్లు మనిషితో మొదలుపెడతారు. మేం పనితో మొదలుపెడతాం. ఈ పనికి ఎలాంటివాళ్లు కావాలి, వాళ్లను ఎలా ఎంచుకోవాలి, పని ఎలా నేర్పాలి, ఎవరి చేతిలో ఎంత నిర్ణయం ఉండాలి, షిఫ్టులు ఎలా వేయాలి, తప్పు జరిగితే ఆ సంగతి ఎలా మాట్లాడుకోవాలి. మా ప్రశ్నలివీ. బ్రిటన్‌లో దీన్ని ఆక్యుపేషనల్ సైకాలజీ అంటారు, అమెరికాలో ఇండస్ట్రియల్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ. తెలుగులో పారిశ్రామిక మనస్తత్వశాస్త్రం అనే మాట ఉంది కానీ అది వింటే నాకు పొగగొట్టమే గుర్తొస్తుంది. పని మనస్తత్వశాస్త్రం అంటే సరిపోతుంది.

ఒక ఉదాహరణ. ఒక కస్టమర్ సపోర్ట్ ఆఫీసు వాళ్లు "మా పిల్లలు కస్టమర్ల మీద విసుక్కుంటున్నారు, కోపం తగ్గించుకునే ట్రైనింగ్ ఇవ్వండి" అని పిలిచారు. రెండు రోజులు వాళ్ల పక్కన కూర్చుని కాల్స్ విన్నాను. కస్టమర్ డబ్బు తిరిగి ఇమ్మంటాడు. ఇవ్వడం న్యాయమని ఫోన్ ఎత్తిన అమ్మాయికీ తెలుసు. కానీ ఇచ్చే అధికారం ఆమెకు లేదు. పైవాళ్లకు మెయిల్ పెట్టాలి, జవాబు రేపు వస్తుంది. ఈలోగా కాల్ త్వరగా ముగించలేదని స్క్రీన్ మీద ఎర్రగీత. ఆ కుర్చీలో నేను కూర్చున్నా విసుక్కుంటాను. చిన్న మొత్తాల వరకు తామే తిరిగి ఇచ్చే అధికారం వాళ్లకు ఇవ్వమని రాసిచ్చాను. ట్రైనింగ్ అవసరం రాలేదు, నాకు రావాల్సిన ట్రైనింగ్ ఫీజూ రాలేదు.

హెచ్ఆర్ వాళ్లు చేసేదీ ఇదే కాదా?

కొంత. హెచ్ఆర్ ఒక డిపార్ట్‌మెంట్, ఇది ఒక శాస్త్రం. వంటవాడికీ ఆహారశాస్త్రానికీ ఉన్న సంబంధం అనుకోండి. మంచి హెచ్ఆర్ వాళ్లు ఈ శాస్త్రాన్ని వాడుకుంటారు. మిగతావాళ్లు ఫ్రైడే ఫన్ పెడతారు.

ఇవన్నీ అమెరికా సిద్ధాంతాలు. మన దగ్గర పనికొస్తాయా?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ అనే జర్మన్ ప్రొఫెసర్ ఉండేవాడు. ట్రామ్ డ్రైవర్లను ఎంచుకోవడానికి పరీక్షలు తయారు చేసినవాడు, ఈ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడు. ఆయన దగ్గర చదువుకున్న నరేంద్రనాథ్ సేన్‌గుప్తా తిరిగొచ్చి కలకత్తా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగాన్ని నడిపాడు. దేశంలో మొదటిది అదే. అంటే ఈ విద్య పుట్టిన కొద్ది ఏళ్లకే మన గడప తొక్కింది.

తర్వాత అహ్మదాబాద్. 1953లో లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే ఆయన కాలికో మిల్లుకు వచ్చాడు. కొత్త ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా అనుకున్నంత బట్ట రావడం లేదు, పాడైన బట్ట ఎక్కువగా ఉంది. అందరూ కార్మికులకు కొత్త మగ్గం అలవాటు కాలేదనుకున్నారు. రైస్ చూసింది వేరు. 224 మగ్గాలున్న షెడ్డులో 29 మంది పనిచేస్తున్నారు. ఒకరు నేత చూస్తారు, ఒకరు తెగిన పోగులు, ఒకరు కండెలు, ఒకరు నూనె, ఒకరు ఊడ్పు. ఒక్కో పనివాడు చూసే మగ్గాల లెక్క ఒక్కోలా ఉంటుంది, ఏ మగ్గం ఎవరిదో స్పష్టంగా తెలియదు. ఒక మగ్గం ఆగితే ఎవరి బాధ్యత? ఎవరిదీ కాదు. కొన్ని మగ్గాలు, కొందరు మనుషులు కలిసి ఒక చిన్న జట్టుగా ఉంటే ఎలా ఉంటుందని ఆయన మాటవరసకు అన్నాడు. సూపర్‌వైజర్లు, కార్మికులు ఆ మాట పట్టుకుని, ఆయన చెప్పేదాకా ఆగకుండా తామే జట్లు కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. మగ్గాలు అవే, మనుషులు వాళ్లే.

మూడోది మన కాకినాడ. హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌క్లెలాండ్‌కు ఒక పట్టుదల ఉండేది: ఏదైనా సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చేది కాదు, పెద్దవాళ్లకూ నేర్పవచ్చు అని. దాన్ని పరీక్షించడానికి 1964లో ఆయన ఎంచుకున్న ఊళ్లలో కాకినాడ ఒకటి. అక్కడి వ్యాపారులు 52 మంది బ్యాచ్‌లుగా హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల కోసం పెట్టిన సియెట్ శిక్షణ సంస్థకు వచ్చి శిక్షణ తీసుకున్నారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అని బోర్డున్నది ఆ సంస్థకే. బొమ్మలు చూసి కథలు రాయడం, తమ వ్యాపారానికి లక్ష్యాలు రాసుకోవడం, చిన్నపిల్లల్లా నిలబెట్టిన కర్రకు రింగులు విసరడం కూడా ఆ శిక్షణలో భాగం. కర్రకు మరీ దగ్గర నిలబడితే గెలిచినా రుచి ఉండదు, మరీ దూరమైతే అది అదృష్టం ఆట. కష్టమే కానీ సాధ్యమే అనిపించే దూరంలో నిలబడేవాడికి వ్యాపారం తెలుసన్నమాట. పోలిక కోసం శిక్షణ ఇవ్వని రాజమండ్రి వ్యాపారులనూ గమనించారు. తర్వాతి కాలంలో శిక్షణ పొందినవాళ్లు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో మిగతావాళ్లకంటే చురుగ్గా ఉన్నారని 1969లో ప్రకటించారు. శిక్షణ వల్లేనా, హార్వర్డ్ వాళ్లు తమను పట్టించుకున్నారన్న ఊపు వల్లా అని తర్వాత చాలామంది వాదించారు. వాదించాల్సిందే. కాకినాడవాళ్లతో ఈ కథ చెబితే మాత్రం చాలామంది "మా ఊళ్లోనా?" అని ఆశ్చర్యపోతారు.

మనుషుల చేత ఇంకా ఎక్కువ పని చేయించుకోవడానికే కదా ఇదంతా?

చీటీల మీద మాత్రమే వచ్చే ప్రశ్న ఇది. అందుకోసమూ వాడారు, వాడుతున్నారు కూడా. 1911లో ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికన్ ఇంజినీరు రాసిన పద్ధతిలో కార్మికుడు ఆలోచించకూడదు, ఆలోచించడానికి వేరే మనిషి ఉంటాడు. స్టాప్‌వాచ్ పట్టుకుని పారతో ఎంత మట్టి ఎత్తాలో లెక్కగట్టారు. ఈరోజు గోడౌన్‌లో చేతి స్కానర్ చేసే పనీ అదే.

ఇంకో కథ అందరూ చెప్పేది. షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారి హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924లో మొదలై 1932 దాకా ప్రయోగాలు జరిగాయి. లైట్లు పెంచితే పని పెరిగింది, తగ్గించినా పెరిగింది, కాబట్టి మనుషులను గమనిస్తే చాలు పని పెరుగుతుందని మేనేజ్‌మెంట్ క్లాసుల్లో చెబుతారు. తర్వాతివాళ్లు ఆ పాత అంకెలు వెలికితీసి చూస్తే కథ అంత స్పష్టంగా లేదు. ఈ రంగంలో బాగా అమ్ముడుపోయే కథలను రెండోసారి అడిగి చూడటం మంచిది.

ఎవరి పక్షమంటే, నా నియమం ఒకటే. జీతం ఇచ్చే కంపెనీకి చెప్పలేని సలహా ఉద్యోగికి ఇవ్వను, ఉద్యోగి ముఖం మీద చెప్పలేని సలహా కంపెనీకి ఇవ్వను. దీనివల్ల కొన్ని కాంట్రాక్టులు పోయాయి.

పని ఎక్కువైతేనే టెన్షన్ వస్తుందా?

పని ఎక్కువవడం ఒక్కటే కారణం కాదు. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు రెండు విషయాలు కలిపి చూడమన్నాడు. ఒకటి పని మీద పడే ఒత్తిడి, రెండోది ఆ పని ఎలా చేయాలన్న నిర్ణయం మన చేతిలో ఎంత ఉందన్నది. ఒత్తిడి ఎక్కువై, నిర్ణయం చేతిలో లేని చోట మనిషి నలిగిపోతాడు. ఒత్తిడి ఎక్కువే అయినా పగ్గాలు తన చేతిలో ఉంటే అదే పని ఉత్సాహాన్నిస్తుంది. ధాన్యం కొనుగోళ్ల సీజన్‌లో రైస్ మిల్లు యజమాని, అదే మిల్లులో గుమాస్తా ఇద్దరూ అర్ధరాత్రి దాకా మేలుకునే ఉంటారు. మర్నాడు ఇద్దరి ముఖాలూ చూడండి.

దీనికి పెద్ద ఆధారం లండన్ నుంచి వచ్చింది. మైకేల్ మార్మట్ బృందం 1985 నుంచి 10,308 మంది ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించింది. వీళ్లెవరూ గనుల్లో, కొలుముల్లో పనిచేసేవాళ్లు కాదు, అందరిదీ కుర్చీ ఉద్యోగమే. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు టెన్షన్ ఎక్కువ కాబట్టి గుండెజబ్బులు వాళ్లకే ఎక్కువని మనం అనుకుంటాం. తేలింది దానికి తిరగబడిన లెక్క. హోదా మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బు పెరిగింది, దానికి కారణాల్లో ఒకటి తమ పని మీద తమకు పట్టు లేకపోవడం. మన ఆఫీసుల్లో బీపీ మాత్రలు ఎవరి టేబుల్ సొరుగులో ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. సెక్షన్ సూపరింటెండెంటు సొరుగా, జూనియర్ అసిస్టెంటు సొరుగా?

మరి గంటల సంగతి? వారానికి డెబ్బై గంటలు పనిచేయాలని పెద్దవాళ్లు అంటున్నారుగా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి వేసిన లెక్క ఉంది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, అంతకంటే ఎక్కువ పనిచేసేవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. డెబ్బై గంటల మాట చెప్పేవాళ్లకు సాధారణంగా సొంత డ్రైవర్, వంటమనిషి ఉంటారు. పగ్గాలు కూడా వాళ్ల చేతిలోనే ఉంటాయి.

బర్నౌట్ అనేది జబ్బా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పదకొండో కూర్పులో దాన్ని చేర్చారు కానీ జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా. మూడు గుర్తులు చెప్పారు: ఒంట్లో సత్తువ అయిపోయినట్టుండటం, పని అంటే ఏవగింపు కలగడం లేదా మనసు దూరమవడం, చేసే పనిలో సామర్థ్యం తగ్గడం. కారణం, సరిగ్గా సంభాళించని దీర్ఘకాలపు పని ఒత్తిడి. దీన్ని మనిషి బలహీనతగా రాయలేదని గమనించండి. అయితే పని మానేసి ఊరెళ్లి నెల రోజులున్నా దేనిమీదా ఆసక్తి కలగకపోతే, నిద్ర, ఆకలి పోతే, అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి, నా దగ్గరికి కాదు.

మా కంపెనీలో యోగా క్లాసులు, మెడిటేషన్ యాప్ పెట్టారు. ఉపయోగం ఉంటుందా?

యోగా మంచిదే, అందులో సందేహం లేదు. కానీ తలకు మించిన టార్గెట్ పెట్టి ఊపిరి ఎలా పీల్చుకోవాలో నేర్పడం, కప్పు కారుతుంటే ఇంట్లోవాళ్లకు ఈత నేర్పడం లాంటిది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన పరిశోధనలో బ్రిటన్‌లోని 233 సంస్థల నుంచి 46,336 మంది ఉద్యోగుల జవాబులు చూశాడు. ఒత్తిడి తట్టుకునే శిక్షణలు, యాప్‌లు, మైండ్‌ఫుల్‌నెస్ లాంటివాటిలో పాల్గొన్నవాళ్లు, పాల్గొననివాళ్లకంటే మెరుగ్గా ఏమీ లేరు. సేవా కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లలో మాత్రం కాస్త తేడా కనిపించింది.

యాప్ కొనడం తేలిక, టార్గెట్ షీటు తిరగరాయడం కష్టం. అందుకే యాప్‌లు కొంటున్నారు.

జీతం పెంచితే అన్నీ సర్దుకోవా?

జీతం తక్కువగా ఉన్నా, పక్కవాడికంటే అన్యాయంగా ఉన్నా ముందు అది సరిచేయండి. అది చేయకుండా మమ్మల్ని పిలవకండి. సరిపడా జీతం వచ్చాక మాత్రం, ఉదయం మంచం మీద నుంచి లేపేది వేరే ఏదో అయి ఉంటుంది.

ఇంటర్వ్యూలో మనిషిని పట్టేస్తానని మా బాస్ నమ్మకం. నిజమేనా?

రెండు నిమిషాల్లో మనిషిని అంచనా వేసేస్తామని అందరం అనుకుంటాం, పెళ్లిచూపుల సంప్రదాయం మనది. 2022లో పాల్ సాకెట్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త, ఆయన సహచరులు దశాబ్దాల పరిశోధనల లెక్కలు మళ్లీ కట్టారు. మనిషి ఉద్యోగంలో ఎలా రాణిస్తాడో ముందే చెప్పడంలో అన్నిటికంటే పైన నిలిచింది పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూ. అందరికీ అవే ప్రశ్నలు, ఆ పనికి సంబంధించినవే, జవాబులకు ముందే అనుకున్న మార్కులు. పని తెలుసో లేదో చూసే పరీక్షలు, పని చేయించి చూడటం కూడా బాగానే నిలిచాయి. ఎన్నేళ్ల అనుభవం అన్నది మాత్రం దాదాపు ఏమీ చెప్పలేకపోయింది. మన ఉద్యోగ ప్రకటనల్లో మొదటి లైను అదే.

"మీ గురించి చెప్పండి", "అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?" అనే ప్రశ్నలు అడిగి, నచ్చాడు నచ్చలేదు అని తేల్చడం ఇంటర్వ్యూ కాదు, కబుర్లు. అందులో గెలిచేది తరచుగా బాస్ ఊరివాడు, బాస్ కాలేజీవాడు, బాస్ లాగా ఇంగ్లిష్ మాట్లాడేవాడు.

నాలుగు అక్షరాల్లో మీ స్వభావం చెప్పే మైయర్స్-బ్రిగ్స్ పరీక్ష గురించీ చాలామంది అడుగుతారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే అక్షరాలు వస్తాయి. ఉద్యోగాలకు ఎంపిక చేయడానికి దాన్ని వాడొద్దని అమ్మేవాళ్లే చెబుతారు.

మా టీమ్ మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు. మాట్లాడమంటే "ఓకే సర్" అంటారు. ఏం చేయాలి?

ఏమీ ఎరగనట్టు అడిగారు కానీ, చివరిసారి నోరు విప్పినవాళ్లకు ఏమైందో గుర్తు తెచ్చుకోండి.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించినప్పుడు ఒక వింత కనిపించింది. బాగా పనిచేసే బృందాల్లోనే మందుల తప్పులు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచకుండా చెబుతున్నారు. మిగతా వార్డుల్లో తప్పులు నోట్లోనే ఉండిపోతున్నాయి. తప్పు ఒప్పుకుంటే, తెలియదని అంటే, పైవాడితో విభేదిస్తే అవమానం జరగదన్న ఈ నమ్మకాన్ని 1999లో ఆమె "బృందపు మానసిక భద్రత" అని వివరించింది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. పెద్దవాళ్ల ముందు ఎదురు మాట్లాడకూడదని పెరిగినవాళ్లం. "అందరూ ఫ్రీగా మాట్లాడండి" అని సర్ అంటే అది కూడా ఆర్డరే. అందుకని నేను మేనేజర్లకు మూడే చెబుతాను. మీ అభిప్రాయం చివర చెప్పండి. ఈ వారం మీరు చేసిన ఒక తప్పు ముందు మీరే చెప్పండి. చెడ్డవార్త తెచ్చినవాణ్ని, వార్త ఎంత చెడ్డదైనా, నలుగురి ముందు "ముందే చెప్పి మంచిపని చేశావు" అనండి. నెలలో ఫలితం వస్తుందని చెప్పను. నోరు మూయించడానికి ఒక్క మీటింగ్ చాలు, తెరిపించడానికి ఏడాది పట్టవచ్చు.

ఫార్మా ప్లాంట్‌లో మూడు షిఫ్టులు. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఏదైనా దారి ఉందా?

షిఫ్టులు ఏ వరసలో తిరుగుతున్నాయో చూడండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని ముందుకు తిరిగితే ఒంటికి కాస్త తేలిక. రాత్రి నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి ఉదయానికి వెనక్కి తిరిగితే కష్టం. రోజూకంటే తొందరగా నిద్రపోవడంకంటే ఆలస్యంగా నిద్రపోవడమే చాలామంది శరీరాలకు సులువు. రోస్టర్ ముందుగా తెలియడం, మధ్యాహ్నం షిఫ్ట్ దిగినవాళ్లను మర్నాడు ఉదయం షిఫ్ట్ ఎక్కించకపోవడం కూడా ముఖ్యం. ఇవి సూపర్‌వైజర్‌తో మాట్లాడగలిగే సంగతులు, కంపెనీకి పెద్ద ఖర్చూ కాదు.

మాది చిన్న టిఫిన్ సెంటర్. ఆరుగురం. ఇదంతా పెద్ద కంపెనీలకే కదా?

మాస్టర్ చెప్పకుండా మానేసిన రోజు మీకు కలిగే నష్టం, పెద్ద కంపెనీకి పాతికమంది రాజీనామా చేసినా కలగదు. పని నిర్ణయాలు కొన్ని వాళ్లకు వదిలేయండి, ఈరోజు ఏ చట్నీ అన్నది మాస్టర్‌నే తేల్చనివ్వండి. సెలవు ఎప్పుడో ముందే చెప్పండి. కస్టమర్ల ముందు సప్లయర్‌ని తిట్టకండి. "ఒరేయ్" అని పిలిచే యజమాని దగ్గరకంటే "తమ్ముడూ" అనే యజమాని దగ్గర కుర్రాళ్లు ఎక్కువ కాలం ఉండటం నేను చూశాను. దానికి పరిశోధన అక్కర్లేదు. తమ్ముడని పిలిచి జీతం ఆలస్యం చేస్తే మాత్రం ఆ పిలుపు పనిచేయదు.

నేను మేనేజర్‌ని కాను. నా చేతిలో ఏముంది?

ఎక్కువ లేదు, కానీ కొంత ఉంది. 2001లో ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆసుపత్రి శుభ్రత సిబ్బంది గురించి రాశారు. జీతం, చీపురు అందరికీ ఒకటే. కొందరు గది తుడిచి వెళ్లిపోతే, కొందరు రోగులను పలకరించి, నర్సుల పనికి ఆసరా అయ్యేలా తమ పనిని తామే మలుచుకున్నారు. ఈ రెండో రకంవాళ్లకు అదే ఉద్యోగం మేలైనదిగా కనిపించింది. మీ పనిలో ఏ భాగం పెంచుకోవచ్చో, ఎవరితో ఎక్కువ కలవవచ్చో చూసుకోండి. దీన్ని అడ్డం పెట్టుకుని "పనిని ప్రేమించు, జీతం అడగకు" అనే యజమానులూ ఉన్నారు, వాళ్లకు ఈ పేరా చూపించకండి.

బాస్ వేధిస్తున్నాడు. మీకు చెబితే ఆగుతుందా?

నాతో చెప్పేది చట్టానికి బదులు కాదు. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోట్ల పనిచేసే మహిళలు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. తిట్లు, అవమానాల లాంటి మిగతా వేధింపులైతే తేదీ, మాట, విన్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకోండి. మనసు తట్టుకోలేని స్థితిలో ఉంటే ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మీ సర్వేలో రాసింది మా మేనేజర్‌కు తెలుస్తుందా?

తెలియకూడదు. అయిదారుగురే ఉన్న టీమ్ జవాబులను నేను విడిగా చూపించను, ఎవరు రాశారో ఇట్టే పట్టేస్తారు. సర్వే లింకులో మీ ఎంప్లాయీ ఐడీ అడిగితే, అది ఎందుకో రాయకముందే అడగండి.

ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది?

ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో మనస్తత్వశాస్త్ర విభాగాలున్నాయి. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. మా రంగానికి అలాంటి లైసెన్సు ఇక్కడ లేదు. కాబట్టి రెండు రోజుల వర్క్‌షాప్ చేసినవాళ్లు కూడా కార్పొరేట్ సైకాలజిస్ట్ అని కార్డు వేయించుకోగలరు, జాగ్రత్త. బ్రిటన్‌లో ఆక్యుపేషనల్ సైకాలజిస్ట్ అన్న పేరుకు చట్టరక్షణ ఉంది, నమోదు కాకుండా వాడుకోకూడదు. గణాంకశాస్త్రం అంటే భయముంటే ముందే ఆలోచించుకోండి, మా రోజులో సగం అదే.

మార్పు ఎన్నాళ్లు నిలుస్తుంది?

మళ్లీ అహ్మదాబాద్‌కే వెళ్లాలి. 1970లో టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ కాలికో మిల్లుకు తిరిగి వెళ్లి, పదిహేడేళ్ల తర్వాత ఆ జట్లు ఏమయ్యాయో చూశాడు. ఒక షెడ్డులో పద్ధతి చాలావరకు అలాగే నడుస్తోంది. మిగతా చోట్ల జారిపోయింది. మార్కెట్ మారింది, ఒత్తిడి పెరిగింది, జట్టు తనంతట తాను తేల్చుకోవాల్సిన చోట పైవాళ్ల జోక్యం కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ఎవరూ ఒక రోజు కూర్చుని జట్లు రద్దు చేద్దామని అనుకోలేదు. నేను సలహా ఇచ్చిన కస్టమర్ సపోర్ట్ ఆఫీసుకు రెండేళ్ల తర్వాత వెళ్తే, డబ్బు తిరిగి ఇచ్చే అధికారం అలాగే ఉంది. కాకపోతే ఇచ్చిన ప్రతిసారీ నింపడానికి ఒక ఫారం పెట్టారు, పదకొండు కాలమ్‌లతో.